పరుపుల కంపెనీ టోపీ

మహిళా గోల్ఫ్ క్రీడాకారిణుల సంఘానికి ఆమె ప్రెసిడెంటు అయిందంటే అది కిటికీ పుణ్యమే. పాత ప్రెసిడెంటు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆట మానేశాక, క్లబ్బు భోజనాల హాల్లో మీటింగు పెట్టి, "ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని అడిగారు. అందరూ తలలు వంచుకుని ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. వెనక వరసలో కూర్చున్న ఆమెకు సరిగ్గా అప్పుడే మెడ మీద చలిగాలి కొట్టింది. కాస్త ఆ కిటికీ వెయ్యమని చెప్పడానికి చెయ్యెత్తింది. హాలంతా చప్పట్లు మోగాయి. పొరపాటు జరిగిందని చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆఫీసు తాళంచెవి తెచ్చి ఆ ఎత్తిన చేతిలోనే పెట్టారు.

"పోనీలే, కిటికీ అయితే వేశారు కదా," అన్నాడు ఆమె భర్త.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన ఆమెను ప్రెసిడెంటమ్మా అనే పిలుస్తున్నాడు. మనమూ అలాగే పిలుద్దాం.

ఆయన ఉద్యోగం ఆమె సంచి మోయడం. గోల్ఫ్‌లో క్యాడీ అంటే వట్టి కూలి కాదు. కర్రలున్న సంచి భుజాన వేసుకుని ఆటగాళ్ళ పక్కనే నడవాలి. గాలి ఎటుందో చూడాలి, గుంట ఎంత దూరమో చెప్పాలి, పచ్చిక ఎటు వాలి ఉందో కనిపెట్టాలి. అన్నిటికీ మించి, దెబ్బ తప్పినప్పుడు ఏం మాట్లాడకూడదో తెలిసి ఉండాలి. ఈ చివరిది ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే వంటబట్టింది. "పెళ్ళాం సంచి మోసే మొగుళ్ళు బజారు నిండా ఉన్నారు. దానికి జీతం పుచ్చుకునేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే," అని నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆమెకన్నా చిన్నవాళ్ళైన ఆటగత్తెలంతా ఆమెను అక్క అంటారు కాబట్టి ఆయన అందరికీ బావగారయ్యాడు.

ఆ జీతం వచ్చేది ఒక టోపీ మీంచి. ప్రెసిడెంటమ్మ టోపీ మీద చాలా ఏళ్ళుగా ఒక పరుపుల కంపెనీ పేరుంది. పెద్ద పెద్ద బ్యాంకుల పేర్లూ గడియారాల పేర్లూ పెట్టుకుని తిరిగేవాళ్ళ మధ్య పరుపుల పేరంటే నవ్వులాటే. ఆమె ఒక దెబ్బ తప్పితే చాలు, "నిద్రొచ్చిందా అక్కా?" అనేవాళ్ళు. ఆమె కూడా తక్కువేం కాదు. "లోకంలో మనకి టోపీ వేసేవాళ్ళే అంతా. చెప్పి వేసింది మా పెద్దావిడ ఒక్కతే," అనేది.

ఆ పెద్దావిడ కంపెనీ యజమానురాలు. ఆవిడకు గోల్ఫంటే ఓనమాలు తెలియవు. వాళ్ళిద్దరూ మొదటిసారి కలిసేనాటికి ప్రెసిడెంటమ్మ పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఒక పోటీ అయిపోగానే ఇంకో పోటీకి బస్సుల్లో తిరుగుతూ, మధ్యలో ఒక ఊళ్ళో వాన పడుతుంటే తలదాచుకోవడానికి పరుపుల దుకాణంలోకి వెళ్ళింది. ఊరికే నిలబడితే బాగుండదని, కొనేదానిలా ఒక పరుపు మీద కూర్చుంది. మెత్తగా ఉందే అని వాలింది. అంతే, ఒళ్ళు తెలియలేదు. లేపబోయిన పనివాళ్ళను పెద్దావిడ కళ్ళతోనే ఆపింది. దుకాణం కట్టే వేళకు పిల్ల ఉలిక్కిపడి లేస్తే, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "ఇంతలా అలిసిపోయే పని ఏం చేస్తావమ్మా నువ్వు?" అని అడిగింది. బంతి కొడతానంటే మొదట నమ్మలేదు. తర్వాత మెల్లగా అడిగి అంతా తెలుసుకుంది. మరుసటి నెల నుంచి పిల్ల నెత్తి మీద ఆ టోపీ ఉంది.

ప్రెసిడెంటుగా ఆమె నెగ్గుకొస్తున్న రోజుల్లోనే పిడుగులాంటి కబురొచ్చింది. ఏటా ఆడవాళ్ళ పెద్ద టోర్నమెంటుకు డబ్బు పెట్టే టైర్ల కంపెనీవాళ్ళు ఈ ఏడు తప్పుకుంటున్నామని ఫోన్ చేశారు. చూసేవాళ్ళు తక్కువ, టీవీలో చూపించేది తక్కువ, పెట్టినదానికి గిట్టుబాటు కావట్లేదు అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ టోర్నమెంటు లేకపోతే పైనున్నవాళ్ళకు పోయేదేమీ లేదు. వాళ్ళకు వేరే దేశాల్లో పోటీలున్నాయి. కిందున్న పిల్లలే ఆగిపోతారు. వచ్చే ఏడు ఆడటానికి అర్హత వాళ్ళకు అక్కడే దొరకాలి. ఇంకో ఏడాది చూద్దామని ఇంట్లో ఒప్పించుకుని వచ్చినవాళ్ళు వాళ్ళంతా.

ప్రెసిడెంటమ్మ మైదానం బూట్లు విప్పి, ఆడపడుచు దగ్గర ఎరువు తెచ్చుకున్న ఆఫీసు చెప్పులు వేసుకుని కంపెనీల చుట్టూ తిరిగింది. బావగారు కారులో కూర్చుని ఉండేవాడు. సిమెంటు వాళ్ళు ఆలోచిస్తామన్నారు. బిస్కెట్ల వాళ్ళు మగవాళ్ళ పోటీకి ఇచ్చేశామన్నారు. ఒక బీమా కంపెనీ మేనేజరు కాఫీ ఇప్పించి, తలుపు వేసి, బీరువా వెనకనుంచి తన గోల్ఫ్ కర్ర తీసి, "నా బంతి ఎప్పుడూ కుడివైపే పోతోందండీ, ఎందుకంటారు?" అని అడిగాడు. ఆమె అతని మోచెయ్యి సరిచేసి వచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాడు బావగారు.

"బంతి తిన్నగా వెళుతోందన్నాడు."

"మరి డబ్బు?"

"అదే కుడివైపుకి పోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, ఆ నవ్వు మలుపు దాకా కూడా రాలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు, "పెద్దావిడని అడగొచ్చు కదా."

ఆమె ఆ గుమ్మాన్ని కావాలనే చివరికి ఉంచుకుంది. తిన్న ఇంటికే మళ్ళీ విస్తరి పట్టుకుని వెళ్ళినట్టుంటుందని. చివరికి ఒక పొద్దున, ఆయన కర్రల పిడులకు కొత్త రబ్బరు తొడుగుతూ ఉంటే, ఒక్కతే బయల్దేరింది.

దుకాణం ఇప్పుడు ఫ్యాక్టరీ అయింది. లోపల కుట్టుమిషన్ల చప్పుడు, గాల్లో దూది నూగు. పెద్దావిడ అద్దాల గదిలో ఒక పరుపు ముక్కను మోచేత్తో నొక్కి చూస్తోంది. ఎనభై దాటినా ఆ మోచెయ్యి చెప్పిందే అక్కడ వేదం. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. ప్రెసిడెంటమ్మ విషయమంతా చెప్పింది. పెద్దావిడ కొడుకు వైపు చూసింది.

"అక్కా, డొంకతిరుగుడు మాటలెందుకు," అన్నాడతను. "ఈ ఏడు మా వ్యాపారం అంతంతమాత్రం. మీ టోపీ అయినా ఉంచగలం, మీ టోర్నమెంటుకి మా పేరైనా పెట్టగలం. రెండూ అంటే మేం పరుపు అమ్మేసి చాప మీద పడుకోవాలి. ఒకటి చెప్పండి. కావాలంటే నాలుగు రోజులు ఆలోచించి—"

"టోర్నమెంటు," అంది ఆమె.

అతని మాట ఇంకా నోట్లోనే ఉంది. పెద్దావిడ మోచెయ్యి తీసి నిటారుగా కూర్చుంది.

"మీ ఆయన్ని అడగవా?"

"అడిగితే ఆయనా ఇదే అంటారండి."

"అంటాడు, నాకూ తెలుసు. అనడం వేరు, అడగడం వేరు తల్లీ."

ఆ మాట ఆమెకు కారు దాకా వచ్చాక గాని ఎక్కలేదు. తాళం తిప్పబోయి ఆగింది. తన ఆట ఇంకెన్నాళ్ళు? ఒకటి, మహా అయితే రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఆ టోపీ నీడలోనే గడిచిపోతాయని అనుకున్నారు ఇద్దరూ. ఆయన జీతమూ ఇంటి అద్దె కూడా అందులోంచే. ఊళ్ళో పిల్లలందరి గురించీ ఆలోచించిన మనిషి ఇంట్లో మనిషిని మరిచిపోయింది.

ఆ సాయంత్రం చెప్పలేకపోయింది. "పెద్దావిడ ఒప్పుకుంది," అని మాత్రం చెప్పింది. ఆయన ఎంత సంతోషపడ్డాడంటే, మిగతా సగం ఆమె గొంతులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే సాధనకు వెళ్ళారు. మంచు ఇంకా పచ్చిక మీద తడితడిగా ఉంది. ఆయన అలవాటు ప్రకారం సంచిలోంచి టోపీ తీసి, మోకాలికేసి కొట్టి, దుమ్ము దులిపి అందించాడు. ఆమె తీసుకోలేదు.

"ఇక దాన్ని పెట్టుకోకూడదండి," అంది. జరిగిందంతా చెప్పింది.

ఆయన టోపీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఒక కర్ర తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నన్ను అడిగి ఉండాల్సింది," అన్నాడు.

"అడిగితే కాదనేవారా?"

"కాదనేవాణ్ణి కాదు. కానీ ఔననే అవకాశం నాకు లేకుండా చేశావు."

ఆమెకు కళ్ళు నిండాయి. ఆయన ఆ మాట కోపంగా అని ఉంటే బదులు చెప్పేదేమో. ఆయన దగ్గర కోపం లేదు. తన వాటా తనకు ముట్టలేదన్న చిన్నపిల్లవాడి చిన్నబుచ్చుకోవడం ఉంది. ఆమె వెళ్ళి సంచిలోంచి రెండో గుడ్డ తీసుకుని, ఆయన పక్కనే కూర్చుని, ఇంకో కర్ర తుడవసాగింది. ఇద్దరూ అలా కాసేపు తళతళలాడే కర్రలనే మళ్ళీ తుడిచారు.

"నేనూ ఒకటి చెప్పాలి," అన్నాడాయన. "పోయిన నెల పిడుగు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పిల్లకి నన్ను సంచి మోయమని. కుదరదన్నాను."

పిడుగంటే ఆ ఏడు అందరి నోళ్ళలోనూ నానుతున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. బంతిని కొడితే ఎక్కడ పడిందో వెతుక్కోవడానికి అరపూట పడుతుందని చెప్పుకునేవారు. ఎప్పుడూ చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంటుంది. సంఘం మీటింగులకు ఒక్కసారీ వచ్చిన పాపాన పోలేదు. టోపీ, చొక్కా, చేతులు, సంచి, అన్నిటి మీదా కంపెనీల పేర్లే. పోస్టర్లంటించిన గోడలా ఉంటుంది పిల్ల.

"నాకు చెప్పనే లేదే?" అంది ప్రెసిడెంటమ్మ.

"నన్ను అడిగి ఉండాల్సిందని నువ్వూ అనెయ్యి. చెల్లుకి చెల్లు."

ఆమెకు ఏడుపు మధ్యలోంచి నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని, "ఒప్పుకోండి," అంది. "ఇప్పుడే ఫోన్ చేయండి."

"మొగుణ్ణి అద్దెకిస్తావా?"

"క్యాడీనే ఇస్తున్నాను. మొగుడు చీకటి పడేలోగా ఇంటికి రావాలి."

ఆయన ఫోన్ చెయ్యడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ, "మరి నీ సంచి?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె చక్రాల బండి ఒకటి కొనుక్కుని, దాని మీద సంచి కట్టి, వీధిలో లాగి చూపించాకే ఊరుకున్నాడు.

టోర్నమెంటు జరిగింది. పరుపుల కంపెనీ పేరుతో జెండాలు కట్టారు. ప్రెసిడెంటమ్మ బజార్లో దొరికే తెల్ల టోపీ ఒకటి పెట్టుకుంది. టీవీ కుర్రాడు మైకు పెట్టి, "టోపీ మీద ఏమీ లేదేంటండీ?" అని అడిగితే, "కింద తల ఉందిగా, చాలదా?" అంది. ఆ మాట ఆ పూటంతా మైదానంలో తిరిగింది.

మొదటి రోజు ఆమె మామూలుగా ఆడింది. రెండో రోజు బాగా ఆడింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. బండి లాక్కుంటూ ఒక్కతే నడుస్తుంటే ప్రతి దెబ్బకూ ముందు తనలో తనే మాట్లాడుకోవలసి వచ్చింది. ఆ గొంతు విని చాలా కాలమైందనిపించింది. చివరి రోజు ఎవరెవరు కలిసి ఆడాలో రాసిన చీటీ చూస్తే, ఆమె పేరు పిడుగు పేరు పక్కన ఉంది. అంటే ఆ రోజంతా ఆమె పక్కనే ఆమె భర్త నడుస్తాడు, వేరొకరి సంచి మోస్తూ.

గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది. క్యాడీ తన ఆటగత్తెకు తప్ప ఇంకెవరికీ సలహా చెప్పకూడదు. గాలి ఎటుందన్నా, వాలు ఎటుందన్నా తప్పే. మంచినీళ్ళివ్వచ్చు. ఆయన పొద్దుటినుంచీ అవసరం లేకపోయినా మంచినీళ్ళిస్తూనే ఉన్నాడు.

"బావగారూ, అక్కని ముంచేస్తారా ఏంటి?" అంది పిడుగు. ఆమె నోట అంత పొడుగు మాట వినడం ప్రెసిడెంటమ్మకు అదే మొదటిసారి.

మధ్యలో ఒక మిట్ట వచ్చింది. ప్రెసిడెంటమ్మ బండి చక్రం తడి మట్టిలో దిగబడింది. లాగితే రాలేదు. బావగారి కాళ్ళు అటు రెండడుగులు వేసి ఆగిపోయాయి. ఎంతవరకు సాయం, ఎక్కడినుంచి తప్పు అని ఆయన లోపల లెక్కలేసుకుంటూ ఉండగానే పిడుగు వెనక్కి దిగివచ్చి, బండి కింద చెయ్యి పెట్టింది.

"పట్టండక్కా."

ఇద్దరూ కలిసి పైకెత్తారు. పిడుగు అరచేతుల మీది బురద చూసుకుని, ప్యాంటుకు తుడుచుకుంది. ఒక కంపెనీ పేరు బురదలో మునిగింది. "ఈ బండిని ఇన్ని రోజులూ మీరొక్కరే లాగుతున్నారా?" అంది. ఆ తర్వాత కూడా ఏదో అడగబోయి, తన వంతు రావడంతో వెళ్ళిపోయింది.

పెద్దావిడ ఆ రోజు మైదానానికి వచ్చింది. ఆటను కళ్ళారా చూడటం ఆవిడకు అదే మొదలు. కొడుకు చెయ్యి పట్టుకుని, గొడుగు కింద చివరి గుంట పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు, "ఇంత మైదానం పెట్టుకుని అంత బుల్లి గుంటా!" అంది పైకే. కార్యకర్త ఒకతను వేలు పెదాల మీద పెట్టి చూపించాడు. ఆవిడా అతనికి అలాగే వేలు చూపించింది.

చివరి గుంట దగ్గర ప్రెసిడెంటమ్మ బంతి ఎనిమిది పదడుగుల దూరంలో ఆగింది. అది పడితే నాలుగో స్థానం, వచ్చే ఏడు ఆడే అర్హత ఖాయం. పడకపోతే చెప్పలేం. ఆమె బంతి వెనక చతికిలబడి కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ క్షణాన భుజం వెనకనుంచి ఒక గొంతు వినపడేది. అలవాటుగా తలెత్తి ఆయన వైపు చూసింది.

ఆయన వీపు తిప్పేశాడు.

ఒక్క క్షణం ఆమె గుండె చివుక్కుమంది. తర్వాత అర్థమైంది. ఆయన నోరు మూసుకోగలడు గానీ మొహం మూసుకోలేడు. ఎడమ అనుకుంటే ఆయన ఎడమ కనుబొమ్మ ముందే కదులుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. ఆమె మీద ఎవరూ వేలెత్తి చూపకుండా, ఆయన చెరువు వైపు తిరిగి, ఎండలో కొంగల్ని చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

ఆమె లేచి గుంట చుట్టూ నడిచింది. కంటికి తిన్నగా ఉన్నట్టుంది. కానీ పాదాలకు అలా అనిపించలేదు. నేల కొంచెం, చెప్పీ చెప్పనట్టు, చెరువు వైపు వాలుతోంది. కళ్ళను నమ్మాలా, కాళ్ళను నమ్మాలా అని ఆలోచించి, గుంటకు కాస్త ఎడంగా చూసుకుని కొట్టింది. బంతి పక్కకు పోతున్నట్టే పోయి, చివర్లో మనసు మార్చుకున్నట్టు ఒదిగి గుంటలో పడింది.

ఆ చప్పుడు విన్నాక ఆయన ఇటు తిరిగాడు. మొహమంతా నవ్వే. చప్పట్లు కొట్టడం నియమమా కాదా అని కూడా ఆలోచించలేదు. పిడుగు తన బంతిని తేలిగ్గా వేసి, పోటీ గెలిచింది. గెలిచి మొదట కౌగిలించుకున్నది ప్రెసిడెంటమ్మనే.

కప్పు అందిస్తూ పెద్దావిడ మైకులో నాలుగు మాటలు మాట్లాడింది. "ఈ ఆట నాకు సగమే అర్థమైంది. ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కపెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెబుతారట కదా. మా లెక్కల వాళ్ళని ఓసారి పంపిస్తాను," అంది. అందరూ నవ్వుతుంటే కొడుకు ప్రెసిడెంటమ్మ దగ్గరికి వచ్చి, "వచ్చే ఏడు తేదీలు త్వరగా చెప్పండక్కా, జెండాలు ఇంకొంచెం పెద్దవి కుట్టించాలి," అన్నాడు. ఆగి, "టోపీ సంగతి మాత్రం ఇప్పుడే అడక్కండి," అన్నాడు.

"అడగను," అంది ఆమె. నిజంగానే అడగాలనిపించలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆమె బూట్లు విప్పి కాళ్ళు చాపుకుంది. ఆయన కారు నడుపుతున్నాడు.

"ఏమండీ, ఆ చివరిది మీకెలా కనిపించింది?"

"తిరగకముందు ఒక్కసారి చూశాను. తిన్నగానే ఉంది."

"తిన్నగా కొడితే పోయేది."

ఆయన కారు వేగం తగ్గించాడు. "అంటే, నేను నీ పక్కన ఉండి ఉంటే..."

"అయిదో ఆరో వచ్చేదాన్ని."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కారు పక్కకు ఆపాడు. "ఇన్నేళ్ళూ నీకు జీతం తీసుకుని మరీ అన్యాయం చేశానే!"

"అందుకే పిడుగుకిచ్చాను," అంది ఆమె, ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి. "కానీ ఒంటరిగా కొట్టాల్సి వచ్చినప్పుడల్లా మీరు గుర్తొచ్చారు. మీ మాటలు కాదు. మీరు పక్కన నిలబడి గుటకలు మింగే చప్పుడు."

"అది మంచినీళ్ళు తాగే చప్పుడు."

"కాదు. భయం చప్పుడు. అది వినపడితే నాకు ధైర్యంగా ఉండేది, నా భయం కూడా మీరే పడుతున్నట్టు."

ఆయన కారు స్టార్టు చేసి, ఆమె చెయ్యి వదలకుండానే గేరు మార్చాడు.

తర్వాతి నెల సంఘం మీటింగు జరిగింది. బహుమతి డబ్బు పైవాళ్ళకే ఎక్కువ పోకుండా, కింది స్థానాల దాకా పంచాలని ప్రెసిడెంటమ్మ ప్రతిపాదన పెట్టింది. గెలిచేవాళ్ళకు తగ్గుతుందని కొందరు గుసగుసలాడారు. అప్పుడు పిడుగు లేచి నిలబడింది. ఆమె రావడం చాలామంది చూడనే లేదు. చెవుల్లోంచి పాటలు తీసేసి ఉంది.

"నాకు తగ్గితే తగ్గనివ్వండి," అంది నేల చూపులు చూస్తూ. "కిందున్నవాళ్ళు మానేస్తే నేనెవరితో ఆడాలి?"

హాల్లో చేతులు లేచాయి. ప్రతిపాదన నెగ్గింది.

అంతా వెళ్ళాక ప్రెసిడెంటమ్మ ఆమెను ఆపింది. "కంపెనీలతో మాట్లాడటానికి నాతో వస్తావా? నువ్వు పక్కన కూర్చుంటే వాళ్ళు కాఫీతో సరిపెట్టరు."

"నాకు మాట్లాడటం రాదక్కా."

"నాకూ వచ్చేది కాదు. చేతులకి బదులు నోరు పెట్టి ఆడటమే. మొదట్లో అన్నీ కుడివైపుకే పోతాయి."

పిడుగు నవ్వింది. బయట వాళ్ళమ్మ కారు హారను మోగించింది. పిడుగు కిటికీలోంచి, "అయిదు నిమిషాలమ్మా, కుర్చీలు సర్దేసి వస్తాం," అని కేకేసి, బావగారు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న కుర్చీల దగ్గరికి వెళ్ళి రెండో వైపు పట్టుకుంది.